మనుషులకు వాడరాదు

నేను ఏం పని చేస్తానని ఎవరైనా అడిగితే మా అమ్మ చెప్పే మాట ఒకటే, "కోదాడల సీసాలు కడుగుతది" అని. నాకు ఒళ్ళు మండేది. పరిశోధన అనొచ్చు కదా, కాలేజీలో పని అనొచ్చు కదా అని గొడవపడితే, కడుగుతవా కడగవా అని తిరిగి నన్నే అడిగేది. కడుగుతాను. రోజులో సగం అదే పని. మిగతా సగం ఎదురుచూడటం. కణాలు పెరగాలని, కరెంటు రావాలని, మా సారు సంతకం పెట్టాలని. ఎదురుచూడటమే పనిగా ఉన్నవాళ్ళకు కళ్ళు తెరిచి ఉండగానే కలలు కనే జబ్బు ఒకటి పట్టుకుంటుంది. మాది గొర్రెలు కాసిన ఇల్లు. ఆ జబ్బు మా ఇంట్లో అందరికీ ఉంది.

ఆ ఏడు నేను ఎదురుచూసింది ఒక సీసా కోసం. చిటికెన వేలంత ఉంటుంది. వెలుతురుకు పెట్టి చూస్తే అడుగున ఏదో తెల్లగా, చలికాలం పొద్దున అద్దం మీద ఊదిన ఊపిరిలా మసకగా కనపడుతుంది. కనపడిందనుకుంటే ఉన్నట్టు, లేదనుకుంటే లేనట్టు. దాని పేరు థయోరెడాక్సిన్. మనిషి ఒంట్లో ప్రతి కణంలోనూ ఉండే ప్రొటీన్. కణం కూడా పొయ్యిలాంటిదే, మనం పీల్చిన గాలితో మండి బలం చేసుకుంటుంది. మండే చోట రవ్వలు లేస్తాయి. లేచిన రవ్వను అక్కడికక్కడే ఆర్పడానికి కణంలో కాపలా ఉంటుంది, ఆ కాపలాలో ఒకటి ఈ ప్రొటీన్. రవ్వలు మితిమీరి కాపలా చాలకపోతే కణం లోలోపలే కాలిపోతుంది. దాన్ని ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. నేను కోదాడ కాలేజీలో, వెనక గదిలో, ఆ కాలడాన్ని చూస్తూ కూర్చునేదాన్ని. నరాల కణాల్లాంటి కణాలను చిన్న గుంటల పళ్ళెంలో పెంచి, వాటి మీద పొలం గట్ల గడ్డిని మాడ్చే గడ్డి మందు చుక్క వేసి, ఎంత కాలాయో కొలిచేదాన్ని. కాపలా ప్రొటీన్‌ను బయటి నుంచి ఇస్తే అవి నిలుస్తాయా అన్నది ఆ ఏటి ప్రశ్న. దానికి ఆ సీసా కావాలి. అది ఒక్కటే వస్తుంది, ఇంకొకటి అడగొద్దని మా సారు ముందే చెప్పారు.

ఒక ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతి చెప్పాను. మా ఊరు నడిగూడెం దాటాక. నేను కోదాడలో కిరాయి గదిలో ఉంటూ ఆదివారాలు ఇంటికి వెళ్ళేదాన్ని. అమ్మ చింతపండు గింజలు తీస్తోంది. మా నాయన వాకిట్లో కూర్చుని కుడి చేతిని ఎడమ చంకలో పెట్టి నొక్కుకుంటున్నాడు. మనిషి ప్రొటీన్ అనగానే అమ్మ చేతులాగిపోయాయి. ఏ మనిషిది, ఆ మనిషి బతికున్నాడా, చచ్చినోనిదైతే నువ్వు ఇంట్లకు తేకు అని వరసగా అడిగింది. ఎవరిదీ కాదమ్మా, మనిషి ఒంట్లో ఆ ప్రొటీన్ ఎలా చెయ్యాలో చెప్పే రాత ఒకటి ఉంటుంది, ఆ రాతను తీసుకుపోయి కంటికి కనపడని పురుగులో పెడతారు, ఆ పురుగు అది తనదే అనుకుని చేసి పెడుతుంది, దాన్ని వేరుచేసి ఆరబెట్టి పంపుతారు అని చెప్పాను. అంత వివరంగా నేను మా సారుకు కూడా చెప్పలేదు.

"ఎవ్వలదీ కాంది మనిషిదెట్లయితది?" అంది అమ్మ.

  మా నాయన మాత్రం వేరే మాట అడిగాడు. ఐసుల వస్తదా అని. వస్తుందన్నాను. తెల్లగ పొడి లెక్క ఉంటదా, నీళ్ళల్ల కలపాల్నా అని అడిగాడు. అవునన్నాను. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో ఒక వెలుగు చూశాను. నేను చేసే పని ఇన్నాళ్ళకు ఆయనకు అర్థమైందని సంతోషపడ్డాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మా ఇంట్లో ఐసులో వచ్చిన వస్తువు ఒక్కటే, గొర్రెల టీకా. పశువుల దవాఖాన నుంచి మా నాయన దాన్ని ఐసుముక్కలు నింపిన ఫ్లాస్కులో పెట్టి, పసిపిల్లను తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవాడు. సీసా అడుగున తెల్లటి పొడి. దాన్ని నీళ్ళలో కలిపి, ఎండెక్కకముందే, గొర్రెలు మేతకు పోకముందే, ఖాళీ కడుపున సూది వెయ్యాలనేవాడు. దవాఖాన నుంచి మనిషి రాని ఏడు మా వాడకట్టు మందలన్నిటికీ మా నాయనే సూది వేసేవాడు. ఆయన చెయ్యి పడితే గొర్రె అరవదని పేరు. మంచు ఇంకా తొలగలేదు, గొర్రెల ఊపిరి పొగలు పొగలుగా లేస్తుంది, ఆ పొగలో మా నాయన వంగి ఒక్కొక్కదాని చర్మం పట్టి లేపుతున్నాడు. నాకు గుర్తున్న అన్ని పొద్దుల్లోకీ మెత్తటి పొద్దు అది.

ఆ పొద్దులోనే నా మొదటి ఏడుపు కూడా ఉంది. నాకొక బొల్లి ముఖం గొర్రె ఉండేది, నా వెంటే తిరిగేది. ఒక ఏడు అది ముక్కు కారుతూ నిలబడితే మా నాయన దాన్ని మందలోంచి తీసి పక్కన కట్టేశాడు. సూది వెయ్యలేదు. అన్నిటికీ వేసి దీనికెందుకు వెయ్యవని కాళ్ళకు అడ్డం పడి ఏడ్చాను.

"రోగం సోకినదానికి సూది ఎక్కది బిడ్డా," అన్నాడు. "సోకనిదానికి ఎయ్యాలె. సోకినదాన్ని పక్కకు పెట్టాలె."

అన్నీ అయ్యాక ఖాళీ సీసాను దారంతో దొడ్డి గుంజకు కట్టేవాడు. ఈ దొడ్డిలో పండుకునేవాటికి ఇగ భయం లేదని గుర్తు. పాత సీసాలు విప్పేవాడు కాదు. గాలి వస్తే అవి ఒకదానికొకటి తగిలి సన్నగా మోగేవి. నేను ఆ చప్పుడు వింటూ నిద్రపోయేదాన్ని.

ఆ చెయ్యే ఇప్పుడు చంకలో దాక్కుంటోంది. మొదట బొటనవేలు వణికింది. బీడీ చుడుతున్నావా అని అమ్మ ఎగతాళి చేసింది. తర్వాత చెయ్యంతా వణికింది. గొర్రెలు అమ్మేశాం. మిర్యాలగూడలో నరాల డాక్టర్ దగ్గరికి తీసుకువెళ్ళాను. నడిపించి చూసి, వేళ్ళు ఆడించమని చూసి, వణుకు జబ్బు అని చెప్పి గోళీలు రాశాడు. పూర్తిగా పోదు, కొంచెం అదుపులో ఉంటుంది అన్నాడు. ఏం మందులు కొట్టే పని చేశావు పెద్దాయనా అని కూడా అడిగాడు. గడ్డి మందు అన్నాడు మా నాయన. డాక్టర్ తలూపాడు. దానివల్లే అని నేను చెప్పలేను, కాదనీ చెప్పలేను అన్నాడు.

ఆ గడ్డి మందు కొట్టింది కూడా మిర్యాలగూడ చుట్టుపక్కల పొలాల్లోనే. మా వైపు మేత ఎండిపోయిన రోజుల్లో మందను తోలుకుని కాలువ కింది పొలాలకు పోయేవాళ్ళం. వరి కోసిన మడుల్లో గొర్రెలు మేసేవి. రైతులు ఎరువు కోసం మడిలో రాత్రిళ్ళు మంద పెట్టించుకుని వడ్లు ఇచ్చేవాళ్ళు. మంద నిలిచిన చోటే పని కూడా దొరికేది, గట్ల మీద గడ్డి మందు కొట్టే పని. మా నాయన డబ్బా వీపుకు తగిలించుకుని గట్టు వెంట నడిచేవాడు. నేను కాలువలోంచి బిందెతో నీళ్ళు తెచ్చి డబ్బాలో పోసేదాన్ని, మందును మూతతో కొలిచి కలిపేదాన్ని. డబ్బా కారి ఆయన వీపు తడిసేది, నా చేతులు తడిసేవి. దూరంగా రైసుమిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన వచ్చేది. ఆ వాసనకు ఆకలీ నిద్రా రెండూ కలిసి వచ్చేవి. మర్నాటికి గట్లన్నీ ఎండుగడ్డితో పసుపు పచ్చగా మారిపోయేవి. పొద్దు వాలే వేళ ఆ గట్లు ఎంత అందంగా ఉండేవో చెప్తే మీరు నన్ను తిడతారు. అందంగా ఉండేవి.

సీసా వచ్చిందని కబురు వచ్చిన రోజు నేను తెల్లవారకముందే సూర్యాపేట బస్సెక్కాను. చల్లటి పెట్టెలను కొరియర్‌వాళ్ళు కోదాడ దాకా తేరు, సూర్యాపేటలోనే ఆపి ఫోను చేస్తారు. ముందు రోజు ఇంటికి ఫోను చేసి, వచ్చింది, రేపు పొద్దున్నే తెస్తున్నాను అని గొప్పగా చెప్పాను. అమ్మ ఏదో అనబోతుంటే మా నాయన ఫోను లాక్కుని, పెట్టె ఎండల పెట్టకు బిడ్డా అన్నాడు. ఎంత శ్రద్ధో అని మురిసిపోయాను.

కొరియర్ ఆఫీసులో కుర్చీలో ఉన్న అతను పెట్టెను ఊపి చూడబోతే నేను అరిచాను. ఐస్‌క్రీమా మేడం అని నవ్వాడు. సంతకం పెట్టి, పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కోదాడ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. థర్మోకోల్ పెట్టె. అందులో చల్లటి ప్యాకెట్లు, వాటి మధ్య ఎక్కడో ఆ ఊపిరి మసక. పెట్టె చల్లదనం చీరలోంచి మోకాళ్ళకు దిగింది. మునగాల దగ్గర మంచు రోడ్డు మీదికి వచ్చింది. ధాబాల లైట్లు ఇంకా వెలుగుతున్నాయి. వరిమళ్ళు ఎక్కడ ఆగి మంచు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. కన్నంటుకుంది. కలలో మా మంద ఆ మంచులోంచి రోడ్డు దాటుతోంది. డ్రైవరు బస్సాపాడు, ఎవరూ విసుక్కోవడం లేదు. గొర్రెలన్నీ నా పళ్ళెంలోని కణాలంత చిన్నగా ఉన్నాయి. అన్నిటికన్నా వెనక బొల్లి ముఖంది వస్తోంది. దానికి కూడా సూది వేస్తాను, ఆగు అంటున్నాను నేను. దిగాల్సినోళ్ళు దిగండి అని కండక్టరు కేకేస్తే మెలకువ వచ్చింది. కోదాడ.

పెట్టెను గుండెకు హత్తుకుని కాలేజీకి నడిచాను. ల్యాబ్ వరండాలో బల్ల మీద మా నాయన కూర్చుని ఉన్నాడు.

తలంటుకున్నాడు. ఉతికిన తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా, భుజాన తువ్వాలు. చొక్కా జేబులోంచి కాగితంలో చుట్టిన రెండు సిరంజీలు బయటికి కనపడుతున్నాయి. నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. మా ల్యాబ్ అటెండర్, జగ్గయ్యపేట వైపు నుంచి వచ్చిన ఆవిడ, నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

"నాన్నగారు ఎప్పుడో వచ్చారండీ. టీ ఇస్తానంటే వద్దన్నారు. టిఫిన్ చెయ్యండి అంటే సూది అయ్యాక తింటానన్నారు."

 ఐసు, తెల్లటి పొడి, నీళ్ళలో కలపడం, ఎండలో పెట్టకపోవడం, ఆయన అడిగిన ప్రతి మాటా నా చెవుల్లో మళ్ళీ మోగింది. మంద మేతకు పోకముందు వేసే సూది. ఖాళీ కడుపున వేసే సూది.

ముందు పెట్టెను లోపలికి తీసుకుపోయి సీసాను ఫ్రీజర్లో పెట్టాను. చేతులు వాటంతట అవే పని చేశాయి. బయటికి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. నాకు దుఃఖం రావాలి, కానీ కోపం వచ్చింది. నాది అట్లాంటి పుట్టుక. ఎవరు చెప్పారు నీకు ఇది మందు అని, చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను కదా, ఈ వణికే కాళ్ళతో ఒక్కడివే బస్సెక్కి వస్తావా, పడితే ఎవరు చూస్తారు అని గబగబా అనేశాను. ఆయన నా కోపం అయిపోయేదాకా ఆగాడు. చిన్నప్పటి నుంచీ అంతే, వాన వెలిసేదాకా చెట్టు కింద నిలబడినట్టు నిలబడతాడు.

"నా చెయ్యి వణుకుతది," అన్నాడు తర్వాత. "నువ్వే ఎయ్యాలె."

"ఇది ఎవ్వరికీ వేసేది కాదు నాయినా. సీసా మీద రాసి ఉంది. పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు అని."

"మనిషిదే గద అన్నవ్?"

"మనిషిదే."

"మనిషిది మనిషికి వాడకుంటే ఎవ్వలకు వాడుతరు బిడ్డా?"

పళ్ళెంలో కణాలకు అని చెప్పాను. చెప్తుంటే నాకే సిగ్గేసింది. ఒంట్లోకి ఎక్కిస్తే ఏమవుతుందో తెలియదనీ, దాన్ని మనుషుల కోసం శుభ్రం చెయ్యలేదనీ, పళ్ళెంలో పనిచేసినా మనిషిలో పనిచేస్తుందని లేదనీ, అది మందుగా మారాలంటే ఎన్నో ఏళ్ళు, ఎందరో మనుషులు కావాలనీ చెప్పాను. ఆయన అంతా విన్నాడు. నా ముఖం చూడలేదు, వరండా ముందున్న నీళ్ళ పైపును చూస్తూ విన్నాడు. చంకలోంచి చెయ్యి తీసి మోకాలి మీద పెట్టాడు. అది దాని ఇష్టం వచ్చినట్టు వణికింది. ఆయన దాన్ని ఆపడానికి చూడలేదు.

క్యాంటీన్‌కు తీసుకువెళ్ళి ఇడ్లీ పెట్టించాను. చెంచాతో తినలేక చేత్తో తిన్నాడు. చట్నీ చొక్కా మీద పడింది. తెల్ల చొక్కా. తువ్వాలుతో తుడవబోతే వద్దన్నాడు. నాకు ఏడుపొచ్చింది కానీ క్యాంటీన్ నిండా పిల్లలున్నారు. మాట మార్చడానికి, రెండు సిరంజీలు ఎందుకు తెచ్చావు, ఒకటి విరిగితే ఇంకొకటా అని అడిగాను. అవునన్నట్టు తలూపాడు. నడిగూడెం బస్సెక్కించి, కండక్టరుకు చెప్పి వచ్చాను.

ఆ తర్వాత రోజులన్నీ ఒకే రోజులా గడిచాయి. సీసాలోని మసకను నీళ్ళలో కరిగించాను. కరిగాక ఆ మసక కూడా లేదు, ఉట్టి నీళ్ళు. ఆ ఉట్టి నీళ్ళను సన్నటి గొట్టంతో చుక్క చుక్కగా పళ్ళెం గుంటల్లో వేశాను. కొన్ని గుంటలకు ముందు ప్రొటీన్ ఇచ్చి తర్వాత గడ్డి మందు వేశాను. కొన్నిటికి గడ్డి మందు వేశాక ప్రొటీన్ ఇచ్చాను. కొన్నిటికి గడ్డి మందు ఒక్కటే. చివరికి అన్నిటికీ ఒక రంగు కలిపాను. చీకటి గదిలో మైక్రోస్కోపు కింద పెడితే, కణంలో రవ్వలు ఎంత ఎక్కువ ఉంటే ఆ రంగు అంత పచ్చగా వెలుగుతుంది. ఫలితం కనపడిన రోజు నేను కుర్చీలోంచి లేవలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే కనపడింది. మా సారు కూడా చూసి, తొందరపడకు, ఇంకోసారి చెయ్యి అన్నారు. ఆయనకు బాగా నచ్చినప్పుడు అనే మాట అది.

నాకు ఎందుకో ముందు మా నాయనకు చూపించాలనిపించింది. మందు కాదని చెప్పి పంపేసినవాడికి, ఇది ఏమిటో చూపించే బాకీ నాకుంది అనిపించింది. ఈసారి నేనే ఊరికి వెళ్ళి వెంటబెట్టుకు వచ్చాను. చీకటి గదిలో స్టూలు మీద కూర్చోబెట్టి, వెనక నిలబడి ఆయన భుజాలు పట్టుకున్నాను. తల వణుకుతుంటే కన్ను అద్దానికి కుదరలేదు. నా అరచేతిని గడ్డం కింద పెట్టి ఆనించాను. కుదిరింది.

మొదట గడ్డి మందు ఒక్కటే వేసిన గుంట పెట్టాను.  చీకట్లో ఆయన ఊపిరి తేలికపడటం నా చేతికి తెలిసింది.

"పచ్చగున్నది," అన్నాడు. "వాన పడ్డంక బీడు తీరు. మంచిగున్నది బిడ్డా."

తర్వాత ప్రొటీన్ ముందుగా ఇచ్చిన గుంట పెట్టాను. దాదాపు అంతా చీకటి. అక్కడక్కడ మాత్రం పచ్చటి చుక్క.

"ఇది ఎండిపోయింది గద," అన్నాడు దిగులుగా.

ఎక్కడైనా పచ్చదనం కనపడితే మందను అటు తోలిన మనిషి. ఇంకోలా ఎలా చూస్తాడు? నేను మెల్లగా చెప్పాను. పచ్చగా వెలిగేదే కాలుతున్నది నాయినా, నువ్వు ముందు చూసింది గడ్డి మందుకు కాలేవి, చీకటిగా ఉన్నవి చల్లగా ఉన్నవి, అవే నిలిచినవి అని. ఆయన మళ్ళీ మొదటిది చూపించమన్నాడు. చూపించాను. మళ్ళీ రెండోది అడిగాడు. ఆ చీకటిని, ఆ ఏమీ లేనిదాన్ని, మంద అంతా మేసి పడుకున్నాక కావలి కూర్చున్నట్టు కదలకుండా చూశాడు. నా అరచేతిలో ఆయన గడ్డం వణుకు తగ్గిందో, నాకు అలా అనిపించిందో తెలియదు. ఆ గదిలో ఆ కాసేపూ నాకు అన్నీ నిజమేననిపించాయి.

"ఇవ్విటికి ముందుగాల ఇచ్చినవా, కాలినంక ఇచ్చినవా?" అని అడిగాడు.

"ముందు."

"కాలినంక ఇచ్చినవి?"

అబద్ధం చెప్దామనుకున్నాను. నా నోరు దానికి రాదు. వాటికి పెద్దగా పనిచెయ్యలేదని చెప్పాను. ఆయన అద్దం నుంచి కన్ను తీసి, తిరిగి, ఆ మసక వెలుతురులో నా ముఖం చూశాడు. ఎంతసేపు చూశాడంటే, నేను తట్టుకోలేక లైటు వేశాను. తన సంగతి తేలిపోయిందని బాధపడుతున్నాడనుకున్నాను.

వెళ్ళేటప్పుడు సీసా ఖాళీ అయిందా అని అడిగాడు. అయింది. ఇస్తావా అన్నాడు. అటువంటివి పారేసే పద్ధతి ఒకటి ఉంది, ఇంటికి ఇవ్వకూడదు. అయినా దాన్ని ఆవిరి కుక్కర్‌లో పెట్టి, తీసి, నా చేత్తో కడిగి, ఆరబెట్టి ఇచ్చాను. మా అమ్మ అన్న మాట ఆ పూట అక్షరాలా నిజం.

తర్వాతి ఆదివారం ఇంటికి వెళ్ళగానే నా కళ్ళు దొడ్డి వైపు పోయాయి. గొర్రెలు లేని దొడ్డి. గుంజకు పాత సీసాలు అలాగే వేలాడుతున్నాయి, వాటిలో మా ల్యాబ్ సీసా లేదు. పోనీలే, ఎక్కడో దాచుకున్నాడు అనుకున్నాను. తిని, మధ్యాహ్నం నడుం వాలుద్దామని లోపలి గదిలోకి వెళ్ళి నా మంచం మీద కూర్చున్నాను. ఆదివారాలు నేను పడుకునే నులక మంచం. చెయ్యి చల్లగా దేనికో తగిలింది. తలవైపు మంచం కోడుకు తెల్ల దారంతో కట్టి ఉంది ఆ సీసా. ముడి వదులుగా, వంకరగా ఉంది. ఆ చేతులతో ఆ ముడి వెయ్యడానికి ఎంతసేపు పట్టి ఉంటుందో.

నాకు మళ్ళీ కోపమే వచ్చింది. వాకిట్లోకి వచ్చి, అది మందు కాదని ఎన్నిసార్లు చెప్పాలి, అందులో ఇప్పుడు ఏమీ లేదు, కట్టుకుంటే నీ మంచానికి కట్టుకోవాలి గానీ నా మంచానికి ఎందుకు కట్టావు అని అడిగాను. అమ్మ చింతపండు గింజలు తీయడం ఆపింది. మా నాయన చెయ్యి చంకలో పెట్టుకున్నాడు.

"నాకు ఎక్కదని ఎరికే బిడ్డా. సోకినోన్ని నేను," అన్నాడు. "ఆ గట్ల మీద నాకు మందు కలిపింది నువ్వే గద. నీళ్ళు మోసింది నువ్వే గద. నీ చేతులు గూడ తడిసినయ్. అది యాదికొస్తే నాకు నిద్ర రాదు."

 ఆయన చొక్కా జేబులోంచి కాగితం చుట్ట తీసి నా చేతిలో పెట్టాడు. ఆ రోజు కోదాడకు తెచ్చిన సిరంజీలు, విప్పకుండా అలాగే ఉన్నాయి.

"ఒకటి నా ఆశకు తెచ్చిన," అన్నాడు. "రెండోది నీకు తెచ్చిన."